సగంలో ఆగిన కారు పైకప్పు

బరంపురం నుంచి తిరిగొచ్చి నెల కావస్తోంది. షెడ్డుకి వచ్చేవాళ్ళు పట్టుపంచె తెచ్చావా, అప్పడాలు తెచ్చావా అని అడుగుతున్నారు. అప్పడాలు తెచ్చాను. పంచె తేలేదు, బజారు సరిగా చూడలేదు. అక్కడ నేను ఎక్కువగా చూసింది ఒక రేకుల షెడ్డుని, అందులో ఒక కారుని, ఆ కారు పక్కన కుర్చీలో కూర్చున్న మనిషిని. అయినా అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం వెళ్ళొచ్చిన సంగతి రాయాలనిపించింది.

నాది గాజువాక. ముప్పై ఏళ్ళుగా కార్లకి కరెంటు పని చేస్తున్నాను. అందులో పద్నాలుగేళ్ళు అప్పన్నా నేనూ ఒకే షెడ్డులో పని చేశాం. అతని సొంతూరు బరంపురానికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఉన్న సోనేపూర్. పన్నెండేళ్ళ కిందట తనవాళ్ళకి దగ్గరగా ఉంటానని బరంపురం వెళ్ళిపోయి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, వరదనీళ్ళలో మునిగి తుక్కు కింద పడి ఉన్న ఒక విదేశీ కారుని లారీ మీద ఎక్కించుకుని పోయాడు. బటన్ నొక్కితే గుడ్డ పైకప్పు తనంతట తనే మడతపడి డిక్కీలోకి వెళ్ళిపోయే రకం. అది మళ్ళీ నడుస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు. నాలుగేళ్ళు దాని మీద కూర్చుని నడిపించాడు. తర్వాత ఎనిమిదేళ్ళ పాటు బరంపురంలో, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపులన్నిటికీ ఆ కారే వెళ్ళేది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"అన్నయ్యా, నేను నీలవేణిని. అప్పన్న భార్యని. ఆయనకి పచ్చవాతం వచ్చి మూడు నెలలైనాది. మీకు సెప్పనేదు. ఎవరికీ సెప్పనేదు. ఆ కారు కప్పు సగంలో ఆగిపోనాది. ఆయన రోజూ దాన్నే సూపిత్తన్నారు. నోట మాట నేదు. ఏటి కావాలో నాకు తెలటం నేదు. మీరొక్కసారి రాగలరా?"

అప్పన్నతో నేను మాట్లాడి ఎంతకాలమైందా అని ఆ రాత్రి లెక్కేసుకున్నాను. ఆరేళ్ళు. గొడవేమీ లేదు. ఇవాళ చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ చేయలేదు, అంతే.

ఇచ్ఛాపురం దాటాక

పొద్దున బండి ఎక్కాను. నా ఎదుట సీట్లో సూరత్ మిల్లులో పనిచేసే ఒకాయన రెండేళ్ళ తర్వాత ఇంటికి వెళ్తున్నాడు. ఛత్రపూర్ దగ్గర చమఖండి వాళ్ళది. రెండు రోజులుగా బండిలోనే ఉన్నాడు. నేను కట్టుకెళ్ళిన పులిహోర సగం ఆయనకి పెట్టాను. తిని, చేయి కడుక్కొచ్చి, తన సంచిలోంచి నాకొక నిమ్మకాయంత లడ్డూ ఇచ్చాడు.

"మీ ఊర్లో ఇప్పుడు ఏం పని దొరుకుతుంది?" అని అడిగాను.

"ఇప్పుడు మొగలి పువ్వు టైమండి. డొంకల్లో మొగలి కోసి అత్తరు బట్టీలకి ఇత్తారు. మా అమ్మ ఎల్తాది కొయ్యడానికి. ముళ్ళు సేతులంతా గీరేత్తాయి. ఫోన్లో అడిగితే ఏటీ నేదంటాది. ఇంటికెల్లాక సేతులు సూత్తాను."

ఆ మాట చాలాసేపు నన్ను వదల్లేదు. అప్పన్న ఎలా ఉన్నాడో వెళ్ళి నా కళ్ళతో చూడాలని నాకు అనిపించిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇచ్ఛాపురం దాటగానే స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి గుండ్రటి ఒడియా అక్షరాలు వస్తాయి. మాట మాత్రం అక్కడ ఆగదు. ప్లాట్‌ఫారం మీద పల్లీలమ్మే ఆమె మా పెట్టెలో ఉన్న ఒకరితో ఒడియాలో బేరమాడి, నావైపు తిరిగి "నీకేటి కావాల బాబూ?" అంది. మనిషిని చూసి ఏ భాష మాట్లాడాలో ఎలా తెలుసుకుంటారో నాకు ఆ నాలుగు రోజుల్లోనూ అర్థం కాలేదు.

బరంపురం, మొదటి రోజు

స్టేషన్ బయట తోపుడుబండి దగ్గర ఉప్మా అడిగాను. మన దగ్గర అయితే పక్కన చట్నీ వేస్తారు. అక్కడ ఆకుదొన్నెలో ఉప్మా పెట్టి, దాని మీద వేడి బఠాణీల కూర గరిటెడు పోసి, పైన ఒక వడ తుంచి వేశారు. నేను "చట్నీ విడిగా ఇవ్వు" అనేలోపు బండివాడు పోసేశాడు. ముప్పై రూపాయలు. మొదటి ముద్దకి మొహం చిట్లించాను కానీ దొన్నె ఖాళీ చేశాకే లేచాను.

అప్పన్న షెడ్డు గోపాలపురం వెళ్ళే రోడ్డు మీద ఉంది. వెనకే ఇల్లు. రేకుల ముందు టార్పాలిన్ పరిచి దాని మీద అప్పడాలు ఎండబెట్టి ఉన్నాయి. అతను పడిపోయాక నీలవేణి అప్పడాలు, వడియాలు చేసి బజారులో ఒక దుకాణానికి వేస్తోంది. నన్ను చూసి పిండి చేతులతోనే లేచి నిలబడింది.

"లోపలున్నారు అన్నయ్యా. ఎల్లండి. మీరే ముందు మాట్లాడండి, ఆయన మాట్లాడలేరు."

అప్పన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచేయి ఒళ్ళో పెట్టి ఉంది, ఎవరో తెచ్చి పెట్టినట్టు. మూతి ఒక పక్కకి లాగేసింది. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి గొంతులోంచి ఒక శబ్దం చేశాడు. ఎడమచేతితో నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ఏమేమో మాట్లాడాను. ప్రయాణం గురించి, ఉప్మా గురించి. అతను నా మొహమే చూస్తున్నాడు. తర్వాత నా చేయి వదిలి కారు వైపు చూపించాడు.

కారు నడుము విరిగినట్టు ఉంది. డిక్కీ మూత వెనక్కి తెరుచుకుని ఉంది. పైకప్పు సగం పైకి లేచి గాలిలో ఆగిపోయింది. గుడ్డ మడతల్లో బూజు, పిచ్చుక పెట్టిన గడ్డిపరకలు. మూడు నెలలుగా అలాగే ఉంది.

జరిగింది నీలవేణి చెప్పింది. జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం పెళ్ళి ఊరేగింపు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వెనక సీట్లో ఉన్నారు. ఉన్నట్టుండి వాన. అప్పన్న బటన్ నొక్కాడు. కప్పు సగం దాకా లేచి ఆగిపోయింది. కిందికి దిగి, దాన్ని చేత్తో ఎత్తబోయి, అక్కడే రోడ్డు మీద పడిపోయాడు.

"మొదట్లో ఈ కారంటే నాకు వొళ్ళు మండిపోయేది. తుక్కుకి అమ్మేత్తానన్నాను. ఆయన ఎంత గోల సేసినారంటే, అప్పటికాడి నుంచి పొద్దున్నే కుర్చీ ఇక్కడ ఎయ్యాల్సిందే. సాయంత్రం దాకా దాన్నే సూసుకుంటా కూకుంటారు. కప్పు తెరిసి షికారు తిప్పమంటన్నారేమో అనుకుంటన్నాను."

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాను. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది, పక్క షెడ్డాయన తీసుకెళ్ళి ఛార్జింగుకి పెట్టాడు. సాయంత్రానికి తెచ్చి బిగించి బటన్ నొక్కాను. ఏ చలనమూ లేదు. ఫ్యూజులన్నీ చూశాను, బాగున్నాయి. ఈ కప్పుని ఎత్తేది నూనె పంపు. డిక్కీలో ఒక పక్కన చిన్న మోటారు, దానికి పంపు, అక్కడి నుంచి నూనె గొట్టాల్లో పోయి రెండు సిలిండర్లని తోస్తుంది. మోటారు తీగలు విప్పి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే గుయ్యిమని తిరిగింది. అంటే మోటారు బాగుంది. దానికి వెళ్ళాల్సిన కరెంటు ఎక్కడో దారిలో ఆగిపోతోంది.

అప్పుడు పంపు పక్కనున్న మర చూశాను. కప్పు మొరాయిస్తే ముందు ఆ మర వదులు చేసి నూనె ఒత్తిడి తీసేయాలి. అప్పుడే చేత్తో ఎత్తడానికి వస్తుంది. చాలామంది మెకానిక్కులకి కూడా ఆ సంగతి తెలీక బలంగా లాగి, కప్పుని మోసే ఇనుప చేతులు వంచేస్తారు. ఆ మర వదులు చేసి ఉంది. అంత వానలో, వెనక బ్యాండు మోగుతుంటే, జనం అరుస్తుంటే, అప్పన్న చేయాల్సిన పద్ధతిలోనే చేశాడు. అయితే ఆ మర వదులు చేశాక కప్పు ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. చుట్టూ అంతమంది ఉన్నా రెండో చేయి వేసినవాడు లేడు.

నేను మర బిగించాను. అప్పన్న కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

డిక్కీలో సామానుకీ కప్పుకీ మధ్య అడ్డంగా ఉండే అట్ట పలక కనిపించలేదు. అది తన చోట లేకపోతే కప్పు కదలదు, సామాను మీద పడకుండా అదొక జాగ్రత్త. నీలవేణి విన్నదాని ప్రకారం, మర అందుకోవడానికి అప్పన్న ఆ పలకని తీసి పక్కనున్నవాళ్ళ చేతికి ఇచ్చాడట. పెళ్ళి సామానుతో పాటు అది పెళ్ళికొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళది కొడల.

పలక ఉన్నట్టే తీగ ముక్కతో మోసపుచ్చి, అది లేకుండానే కప్పు కదిలించవచ్చు. అప్పన్న షెడ్డులో అలాంటి పని చేయబుద్ధి కాలేదు. పైగా నాకు ఇంకో సంగతి కావాలి. కప్పు ఆగినప్పుడు ఎలా ఆగిందో అప్పన్న చెప్పలేడు. చెప్పగలిగింది వెనక సీట్లో ఉన్న పెళ్ళికొడుకూ పెళ్ళికూతురే.

కొడల

పొద్దున్నే తప్పు బస్సు ఎక్కాను. కండక్టరు ఒడియాలో చెప్పినదానికి తలూపి కూర్చుంటే, అది ఖల్లికోట దగ్గరే ఆగిపోయింది. అక్కడ గంటన్నర నిలబడ్డాను. దారిలో ఋషికుల్య మీద వంతెన దాటాం. నది నిండుగా, ఎర్రగా ఉంది. ఛత్రపూర్ దగ్గర కిటికీలోంచి మొగలి వాసన లోపలికి వచ్చింది. బండిలో కలిసినాయన గుర్తొచ్చాడు. ఈపాటికి తల్లి చేతులు చూసే ఉంటాడు.

కొడల చిన్న బజారు ఊరు. పప్పులూ బెల్లమూ టోకున అమ్మే కామయ్య శెట్టి కొట్టు ఎవరినడిగినా చూపించారు. మూడు తరాలుగా అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళు. కొట్టు ముందు ఒడియా, ఇంట్లో తెలుగు. ఆయన పెళ్ళికొడుకు తండ్రి. నేను ఎక్కడి నుంచి వచ్చానో చెప్పగానే కూర్చోమన్నాడు కానీ నావైపు చూడలేదు.

"ఎలాగున్నాడు?" అన్నాడు.

"మాట లేదు. కుడిపక్క పడిపోయింది."

"అలాగా." త్రాసు పళ్ళెం గుడ్డతో తుడిచాడు. "ఆ రోజు నేను మాటలన్నానండి. అబద్ధమెందుకు? అందరి ముందరా అన్నాను. పనికిమాలిన బండి తెచ్చినావని అన్నాను. తర్వాత పడిపోయాడు. రెండు మూడుసార్లు బరంపురం ఎల్లాను సరుక్కి. ఆ రోడ్డులోకి తిరగలేకపోయాను."

ఆయన్ని అనడానికి నాకేం అర్హత ఉంది?

కోడలు లలిత టీ, ఒక పళ్ళెంలో ఛెనాపోడ తెచ్చింది. విరిగిన పాలని పంచదారతో కలిపి మాడేలా కాల్చిన తీపి. మన కోవాకి అలవాటుపడ్డ నోటికి మొదట మాడు వాసన తగులుతుంది, తర్వాత వదలబుద్ధి కాదు. ఆ అమ్మాయి పళ్ళెం పెట్టి వెళ్ళిపోకుండా గుమ్మం దగ్గర నిలబడింది. నేను వచ్చిన పని చెప్పి, కప్పు ఎలా ఆగిందో గుర్తుందా అని అడిగాను.

"గుర్తుంది మౌసా." అక్కడి తెలుగు పిల్లలు బాబాయ్ అనాల్సిన చోట ఒడియాలో మౌసా అంటారు. "ఒక్కసారిగా ఆగనేదు. కొంచెం లేచి ఆగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. కారాయన ఎనక్కి ఎల్లి డిక్కీ మూత పట్టుకుని ఊపినారు. ఊపితే ఇంకొంచెం లేచింది. మళ్ళీ ఊపితే ఇంక లెగనేదు."

నా చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. మూత ఊపితే కదిలిందంటే పంపు కాదు, నూనె కాదు. కారు బాడీ నుంచి డిక్కీ మూతలోకి వెళ్ళే తీగల్లో ఉంది లోపం. మూత తెరిచినప్పుడల్లా ఆ తీగలు వంగుతాయి. ఏళ్ళ తరబడి వంగి వంగి తెగుతాయి. అది నాకు కొత్త కాదు. నన్ను కలవరపెట్టింది వేరే సంగతి.

లలిత లోపలికి వెళ్ళి బియ్యం బస్తాల వెనక నుంచి అట్ట పలక తెచ్చింది. దాంతో పాటు ఉతికి మడతపెట్టిన ఒక రెయిన్‌కోటు.

"ఇది ఆయనదే. వాన మొదలవగానే ఇప్పి నా మీద కప్పేసినారు. తరవాతే కప్పు సంగతి సూసుకున్నారు. మౌసా, ఆయనకి నేను తడవనేదని సెప్పండి. సీర మీద ఒక్క సుక్క పడనేదు. ఆయన పడిపోయినారు కదా, ఆ సంగతి ఆయనకి తెలీదు."

ఆ మాట అని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. తిరుగు బస్సులో రెయిన్‌కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆరేళ్ళ కిందటి మధ్యాహ్నం ఒకటి కొంచెం కొంచెంగా గుర్తొస్తోంది. అది నిజం కాకూడదని అనుకుంటూ బరంపురం చేరాను.

మళ్ళీ షెడ్డులో

మర్నాడు పొద్దున్నే డిక్కీ మూత ఎడమ మడతబందు దగ్గరున్న రబ్బరు గొట్టం వెనక్కి లాగాను. లోపల ఎనిమిది తీగలు. వాటిలో గోధుమరంగు తీగ మీద ఒక అతుకు ఉంది. నల్లటి టేపు, టేపు చివర ఊడకుండా పైన దగ్గర దగ్గరగా చుట్టిన నూలుదారం. దారం చుట్టడం నా అలవాటు. మా షెడ్డులో ఇంకెవరూ చుట్టరు. అప్పన్న నన్ను ఎగతాళి చేసేవాడు, తీగలకి కాశీదారం కడతావేమిటని.

ఆరేళ్ళ కిందట వాళ్ళ గృహప్రవేశానికి వచ్చాను. తిరుగు బండికి రెండు గంటలుంది. ఊరికే కూర్చోలేక కారు చూస్తుంటే ఈ తీగ తెగి కనిపించింది. కరెంటు లేదు, టంకం వేయడానికి కుదరలేదు. రాగిపోగులు రెండూ కలిపి మెలితిప్పి, టేపు వేసి, దారం చుట్టాను. కప్పు కదిలింది. అప్పన్న అప్పుడు ఇంట్లో బంధువులకి వడ్డిస్తున్నాడు. టంకం వేయలేదు, రేపు విప్పి వేసుకో అని వెళ్ళేముందు చెప్పాలనుకున్నాను. ఆటో వచ్చేసింది. మర్చిపోయాను. బండి ఎక్కాక కూడా గుర్తు రాలేదు. అతుకు పైకి ఎంత నున్నగా ఉందంటే, చూసినవాడెవడైనా లోపల టంకం ఉందనే అనుకుంటాడు. అందులోనూ వేసింది నేనని అప్పన్నకి తెలుసు. నేను వేసినదాన్ని అతను విప్పి చూడడు.

దారం కోసి టేపు విప్పాను. సముద్రపు గాలికి రాగి పచ్చగా మారి పొడిపొడిగా రాలింది.

ఆ అతుకు వల్లే అతను పడిపోయాడని ఏ డాక్టరూ అనడు. కానీ అది ఊడకపోతే కప్పు ఆగేది కాదు. కప్పు ఆగకపోతే ఆ వానలో ఒక్కడే దాన్ని ఎత్తాల్సిన అవసరం ఉండేది కాదు. ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతున్నాను.

మధ్యాహ్నం నీలవేణి అన్నం పెట్టింది. పప్పు, చింతకాయ పచ్చడి, ఆమె చేసిన అప్పడాలు. ముద్ద కలిపి వదిలేశాను. చెప్పేశాను. మొత్తం చెప్పాను. ఆమె విస్తరి దగ్గరే కూర్చుండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"అన్నయ్యా, బీపీ మాత్తర్లు అయిపోయి అప్పటికి పన్నెండు రోజులైనాది," అంది. "డబ్బా ఖాళీ అవడం నేను సూసినాను. పెళ్ళిళ్ళ సీజను, ఆయన రోజూ తిరగతన్నారు. నేనెల్లి తెచ్చేద్దామనుకున్నాను. పిండి రుబ్బుకోవాల, ఎండ పోతాదని ఆగినాను. రేపు రేపు అనుకున్నాను. ఇది నేను ఎవరికీ సెప్పనేదు. డాక్టరు అడిగితే కూడా ఏసుకుంటన్నారనే సెప్పినాను."

ఇద్దరం ఒకరినొకరు ఓదార్చుకోలేదు.

"అప్పన్నకి చెప్పమంటావా?" అన్నాను.

"మీ ఇట్టం. సెప్పాలనుంటే సెప్పండి. కానీ ఆయన తిరిగి ఏటీ అనలేరు కదా అన్నయ్యా. తిట్టనూ లేరు, పోనీలే అననూ లేరు. నేను అందుకే సెప్పలేకపోతన్నాను."

సాయంత్రం అప్పన్న పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ముందు లలిత మాట చెప్పాను. ఆ పిల్ల తడవలేదట, చీర మీద చుక్క పడలేదట అన్నాను. రెయిన్‌కోటు అతని ఒళ్ళో పెట్టాను. అతని కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. ఎడమచేయి ఆ కోటు మీదే ఉంచేశాడు.

తర్వాత కోసి తీసిన అతుకు ముక్క అరచేతిలో పెట్టి చూపించాను. "ఇది నాదే అప్పన్నా. టంకం వేయలేదు. వేశాననుకుని ఉంటావు. నీకు చెప్పకుండా వెళ్ళిపోయాను."

అతను ఆ ముక్కని ఎడమచేతి వేళ్ళతో తీసుకున్నాడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని తిప్పి చూశాడు. బొటనవేలితో రుద్దితే పచ్చటి పొడి అంటుకుంది. నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. చెప్పగలిగితే మనసు కొంచెం తేలికపడేదేమో. తర్వాత కుర్చీ పక్కకి వంగి, బల్ల కింద తుక్కు రాగి వేసే రేకు డబ్బాలో ఆ ముక్క పడేశాడు. మేం పద్నాలుగేళ్ళూ పనికిరాని ప్రతి తీగముక్కనీ అలాగే పడేసేవాళ్ళం. ఆపైన బల్లమీది లైటు మెడ పట్టుకుని నావైపు వంచాడు, పని చేసుకో అన్నట్టు.

ఎనిమిది తీగలూ చివరల దాకా కోసి కొత్త తీగ వేశాను. ప్రతి అతుక్కీ టంకం వేశాను. అతను లైటు కదలకుండా పట్టుకున్నాడు. అట్ట పలక దాని చోట బిగించాను. పంపులో నూనె కొంచెం తగ్గితే పోశాను. వెలుగు ఉండగానే అంతా పూర్తయింది.

నీలవేణి వచ్చి నిలబడింది. షికారు తిరగాలనే అతని కోరిక అనుకుంటున్నాం కదా, కప్పు తెరిచే వైపు బటన్ నొక్కాను. మోటారు మోగింది. సగంలో ఉన్న కప్పు వెనక్కి మడతపడబోయింది. అప్పన్న గొంతులోంచి గట్టిగా శబ్దం చేస్తూ ఎడమచేత్తో కుర్చీని కొట్టాడు. బటన్ వదిలేశాను. అతను చేయి పైకెత్తి, అరచేయి బోర్లించి, మెల్లగా ముందుకి దించాడు. మళ్ళీ అలాగే చేశాడు.

"మూసెయ్యమంటన్నారు," అంది నీలవేణి. "మూసెయ్యమంటన్నారు అన్నయ్యా. మూడు నెలలుగా అదే సెప్తన్నారు."

రెండో వైపు నొక్కాను. కప్పు పైకి లేచింది, ఆగకుండా ముందుకి వచ్చింది, వెనక డిక్కీ మూత పడింది, ముందు అద్దం అంచు మీద కొక్కేలు టక్కుమని పట్టుకున్నాయి. గాలిలోంచి రాలిన గడ్డిపరకలు నా భుజాల మీద పడ్డాయి. అతను చేయి చాపితే కుర్చీని కారు దగ్గరికి జరిపాం. కప్పుకీ అద్దానికీ మధ్య అతుకు పొడుగునా వేళ్ళతో తడిమి చూశాడు, సందు ఎక్కడైనా ఉందేమోనని. సందు లేదు. అప్పుడు అతను ఏడ్చాడు. నీలవేణి కొంగుతో అతని మొహం తుడుస్తూ తనూ ఏడ్చింది. నేను బయటికి వచ్చి ఎండిన అప్పడాలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో పెట్టాను.

సోనేపూర్

నాలుగో రోజు పొద్దున అతన్ని వాళ్ళ ఊరు తీసుకెళ్ళాం. నేను నడిపాను. వాళ్ళిద్దరూ వెనక సీట్లో.

"ఊరందరి పెళ్ళికూతుళ్ళూ ఎక్కినారు దీనిమీద," అంది నీలవేణి సీటు గుడ్డ తడిమి చూస్తూ. "నేను ఎక్కడం ఇదే మొదలు. నేనూ అడగనేదు, ఆయనకీ తట్టనేదు."

సోనేపూర్‌లో ఇసుక మీద పడవలు, తాళ్ళ మీద ఎండుచేపలు. మా వైపు చేపలు ఎండబెట్టే చోట కుక్కల్ని తోలడానికి ఎవరో ఒకరు కర్ర పట్టుకుని కూర్చుంటారు. అక్కడ ముసలమ్మ ఒకామె పాత సైకిల్ గంట మోగిస్తూ కూర్చుంది. అప్పన్న పెదనాన్న కూతురట. కారు దగ్గరికి వచ్చి లోపలికి వంగి అతని బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

"ఏరా అప్పన్నా, ఇలాగొచ్చినావేట్రా," అంది. ఇంకేమీ అనకుండా ఇంటికి వెళ్ళి గిన్నెలో అన్నం, చేపలకూర తెచ్చింది. నీలవేణి ముళ్ళు తీసి అతనికి తినిపించింది. సగం బయటికి కారిపోతుంటే ముసలమ్మ మొహం అటు తిప్పుకుంది.

కారు ఇసుకలోకి దిగదు. బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి కొంచెం దూరంగా, గట్టి నేల మీద ఆపాను. "ఒకసారి తెరుద్దామా?" అని నీలవేణి అతన్నే అడిగింది. అతను ఆలోచించి తలూపాడు. బటన్ నొక్కాను. అతను సముద్రం వైపు చూడలేదు. కప్పు లేచి, మడతపడి, లోపలికి వెళ్ళి, మూత పడేదాకా తల తిప్పి దాన్నే చూశాడు, పని చూసే మెకానిక్కు చూసినట్టు. అంతా సరిగ్గా అయ్యాక సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నీలవేణి అతని పనిచేయని చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, ముడుచుకుపోయిన వేళ్ళు ఒక్కొక్కటే చాపుతూ కూర్చుంది.

గాజువాక

ఇంటికి వచ్చాక నీలవేణి ఫోన్ చేసింది. ఇప్పుడు కుర్చీ షెడ్డులో వేయమని అడగడం లేదట. ఇంటి గుమ్మంలో, ఆమె అప్పడాలు ఒత్తే చోట కూర్చుంటున్నాడట. కొడల నుంచి కామయ్య శెట్టి వచ్చి వెళ్ళాడని చెప్పింది. గంటసేపు అతని పక్కన కూర్చుని వెళ్ళాడట.

ఆరేళ్ళు అతను మాట్లాడగలిగినప్పుడు నేను ఫోన్ చేయలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం చేస్తున్నాను. నీలవేణి ఫోన్ అతని చెవి దగ్గర పెడుతుంది. ఆ వారం షెడ్డుకి ఏ బండ్లు వచ్చాయో, ఏది మొరాయించిందో, దాని లోపం ఎలా పట్టుకున్నానో చెప్తాను. అవతల ఊపిరి వినిపిస్తుంది. అంతే. జవాబు రాని చోట ఏం చెప్పాలో తెలీక మొదట్లో రెండు నిమిషాల్లో పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు అరగంట అవుతోంది.

పోయిన ఆదివారం ఒక జీపు గురించి చెప్తున్నాను. హారన్ ఆగకుండా మోగుతూ నడిబజారులోంచి వస్తే, జనం దారిచ్చి, లోపల ఎవరో పెద్ద ఆఫీసరున్నాడని దండాలు పెట్టారట. అవతల నుంచి ఏదో శబ్దం వచ్చింది. ఆగి, మళ్ళీ వచ్చింది. నీలవేణి ఫోన్ తీసుకుంది.

"ఏమైంది? నవ్వుతున్నాడా?" అన్నాను.

"నవ్వో ఏడుపో నాకు తెలటం నేదు అన్నయ్యా," అంది. "ఫోన్ లాక్కుంటన్నారు. ఇంకా సెప్పండి."

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.